మాంసకృత్తులకు గాలము

మన శరీరమున అనుక్షణమును పుట్టుచు, గిట్టుచు నుండు చిన్న ద్రవ్యములు వేలకొలదిగ కలవు. తిన్న అన్నము చక్కెర యగును. పప్పులోని మాంసకృత్తు విరిగి ఇరువది విధములగు ఎమినో ఆమ్లములగును. నేయి కొవ్వు ఆమ్లములగును. ఇవి మరల విరిగియు, ఒండొంటితో కలిసియు క్రొత్త రూపములు తాల్చును. జీవకణము తన పని తాను చేసికొనుచు ఇట్లు పుట్టించు చిన్న అణువుల కన్నిటికిని శాస్త్రజ్ఞులు మెటబొలైటులని పేరు పెట్టినారు. మనము వానిని జీవక్రియాద్రవ్యములని పిలుచుకొనవచ్చును.

ఇవి వంటచెరకు వంటివనియు, గోడ కట్టు ఇటుకల వంటివనియు చాలకాలము తలచిరి. ఆ మాట అబద్ధము కాదు గాని, సగము మాత్రమే నిజము. ఈ ద్రవ్యములు వార్తాహరులు కూడను. పప్పులోను, పాలలోను సమృద్ధిగ నుండు లూసీను అను ఎమినో ఆమ్లము జీవకణమునకు చేరినప్పుడు, అది కేవలము ఇటుకగా నుండి ఊరకొనదు; "ఆహారము వచ్చినది, ఇక పెరుగుము" అని ఆజ్ఞ నందించును. చెప్పువాడున్నచో వినువాడొకడుండవలెను గదా! కణములో వినునది ఏదో యొక మాంసకృత్తు. ఆ మాంసకృత్తును కనుగొనుట యెట్లు? శ్రోతలారా, నేటి నా ప్రసంగమున కిదియే విషయము.

పని యెంత కష్టమో ముందు ఊహింపుడు. మానవుని జన్యువులలో మాంసకృత్తులను నిర్మించునవి సుమారు 20,000 కలవు. ఒక్క ధాతువును నలిపి రసము తీసినచో వేలకొలది మాంసకృత్తులు ఒకే గిన్నెలో కలగాపులగముగ నుండును. అందు కొన్ని కుప్పతెప్పలు. కొన్ని ఉన్నవో లేవో యనునంత అల్పములు. ఒక్కొక్కదానిని విడదీసి "నీవు లూసీను మాట విందువా?" యని అడుగుచు కూర్చున్న ఒక జన్మము చాలదు. కావున శాస్త్రజ్ఞులు చేపను వెదకుట మాని, గాలమునకు ఎర గ్రుచ్చి నీట విడిచిరి. ఏ ద్రవ్యమును గూర్చి మన ప్రశ్నయో ఆ ద్రవ్యమే ఎర.

ఈ యుక్తికి ఆధారము రసాయన ప్రీతి. ప్రతి మాంసకృత్తును ఒక దారము ఉండచుట్టినట్లు తన్ను తాను మడుచుకొని యుండును. ఆ మడతలలో చిన్న చిన్న గుంటలేర్పడును. ఒక్కొక్క గుంటలో దానికి తగిన అణువు మాత్రమే ఇముడును. ఎమిల్ ఫిషర్ అను జర్మను రసాయన పండితుడు 1894లో ఈ పొందికను తాళమునకును తాళపుచెవికిని గల పొందికతో పోల్చెను. 1910లో స్టార్కెన్‌స్టైన్ అను నతడు, పిండిని జీర్ణము చేయు ఎమైలేజు అను ఎన్‌జైము కరగని పిండిని అంటుకొని దానితోకూడ అడుగునకు దిగునని చూపెను. గాలపు వేటకు అదియే తొలి యుదాహరణమని నా యభిప్రాయము. కాని అప్పుడెవ్వరును దానిని ఒక పద్ధతిగా పెంచలేదు. ఏబది ఎనిమిదేండ్లు ఆ విత్తనము మన్నులోనే యుండిపోయినది.

1968లో అమెరికాదేశమున బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో క్వాట్రెకాసస్, విల్చెక్, అన్‌ఫిన్‌సెన్ అను మువ్వురు దానిని ఒక శాస్త్రముగ తీర్చిరి. వారి సాధన మెంతయో తేలికయైనది. సముద్రపు నాచునుండి తీసిన అగరోజు అను జిగురుపదార్థముతో సన్నని పూసలు చేయుదురు. ఆ పూసలకు ఎరద్రవ్యమును రసాయన బంధముతో ఊడకుండ కట్టుదురు. పూసలను ఒక గాజుగొట్టములో నింపి, పైనుండి కణముల రసమును పోయుదురు. ఎరతో నిమిత్తము లేని మాంసకృత్తులు క్రిందికి జారిపోవును. ప్రీతి కలది పూసను పట్టుకొని నిలుచును. పిమ్మట ఉప్పునీటితో మరల మరల కడుగుదురు. తుదకు కట్టని ఎరను, అనగా స్వేచ్ఛగ నుండు అదే ద్రవ్యమును, ఎక్కువగా కరగించి పోయుదురు. అంతవరకు పూసను పట్టుకొన్న మాంసకృత్తు ఆ స్వేచ్ఛాద్రవ్యమును పట్టుకొని దానితోకూడ దిగివచ్చును.

ఆ మువ్వురును గమనించిన ఒక చిన్న సంగతి నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. కైమోట్రిప్సిను అను ఎన్‌జైమునకు తగిన ఎరను పూసకు నేరుగా తగిలించినప్పుడు ఎన్‌జైము కొంచెము తడబడి, ఆలసించి, జారిపోయినది. అదే ఎరను ఆరు కర్బన పరమాణువుల పొడవుగల దారముతో కట్టి వ్రేలాడదీయగా గట్టిగ పట్టుకొనినది. ఎన్‌జైములోని గుంట లోతైనది. ఎర పూసకు అంటుకొనియున్నచో అందులోనికి చొరజాలదు. గట్టుననే వ్రేలాడు ఎరను లోతునీటి చేప అందుకొనునా? ఎంత దారము విడువవలెను, ఆ దారమును ఎరకు ఏ మూల ముడివేయవలెను అనునవే ఈ విద్యలో సగము. అణువునకు ఒక ప్రక్క మాంసకృత్తు పట్టుకొను చేయి యుండును. ముడి ఆ చేతిమీదనే పడెనా, గాలమంతయు వ్యర్థము.

ఇచట మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలపకుండ ముందునకు పోజాలను. 1895లో భీమవరమున జన్మించి, అమెరికాలో పనిచేసి, 1948లో అచటనే గతించిన ఆ మహనీయుడు ఫిస్కే అను నాచార్యునితో కలిసి 1929లో ఎ.టి.పి. అను జీవక్రియాద్రవ్యమును ప్రకటించెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను. కణములో శక్తిని చేతికి చేతికి అందించు నాణెము ఎ.టి.పి. పిమ్మట లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును, దానిని పోలియుండియు దాని పని చేయని ఎమినోప్టెరిను, మెథోట్రెక్సేటు వంటి మందులును తయారైనవి. ఈ రెండింటికిని మన గాలముతో సంబంధము కలదు. 1970 తరువాత మెథోట్రెక్సేటును పూసలకు కట్టి, ఆ మందు కణములో ఏ ఎన్‌జైమును అడ్డగించునో ఆ డైహైడ్రోఫోలేటు రిడక్టేజును ఒక్క పోతలో శుద్ధి చేయజొచ్చిరి. ఎ.టి.పి. తోకకు ఒక ముడి వేసి, ఎ.టి.పి.ని పట్టుకొను కైనేజులను ఎన్‌జైములను వందలకొలదిగ ఒకేసారి పట్టు గాలమును 2007లో కాలిఫోర్నియాలో ప్రకటించిరి. సుబ్బారావుగారు ద్రవ్యములను చూపిరి. వాని చుట్టములను ఆ ద్రవ్యములే చూపుచున్నవి.

ఇక అసలు కథకు వత్తును. గాలమునకు చిక్కినంతనే సమాధానము దొరకినట్లేనా? కాదని చూపిన వృత్తాంతమిది.

1984లో జపానుదేశమున త్సుకుబా ప్రాంతపు మట్టిలో నుండు ఒక సూక్ష్మజీవి పుట్టించు ద్రవ్యమును ఫుజిసావా అను మందుల సంస్థవారు కనుగొనిరి. దానికి ఎఫ్.కె. 506 అని గుర్తు పెట్టిరి. నేడది టాక్రోలిమస్ అను పేర మందుల అంగళ్లలో దొరకును. ఒకరి మూత్రపిండమును వేరొకరికి అమర్చినప్పుడు శరీరము దానిని పరాయిదని త్రోసివేయకుండ ఈ మందు కాపాడును. ఇంతకుముందే నార్వేదేశపు మట్టిలోని బూజునుండి దొరకిన సైక్లోస్పోరిన్ అను మందును ఇట్టిదే. ఇవి దేహరక్షకములగు టి-కణములను నిద్రపుచ్చునని తెలియును. ఏ మాంసకృత్తును పట్టుకొని నిద్రపుచ్చునో తెలియదు.

1989లో హార్వర్డులో ష్రైబరు బృందమువారు ఎఫ్.కె. 506ను పూసలకు కట్టి, గాలమును ఆవుదూడల థైమస్ గ్రంథుల రసమున వేసిరి. మెర్కు సంస్థవారును అప్పుడే అదే వేట నాడుచుండిరి. ఇరువురికిని ఒకే చిన్న మాంసకృత్తు చిక్కినది. అది ఇతర మాంసకృత్తులు మడత పడుటకు తోడ్పడు ఒక ఎన్‌జైము. మందు తగులగానే దాని పని నిలిచిపోవుచున్నది. సైక్లోస్పోరిన్ పట్టుకొను మాంసకృత్తు వేరు. కాని అదియు సరిగా ఈ పనినే చేయు ఎన్‌జైమని అదే యేడు తేలినది. రెండు దేశముల మన్ను, రెండు పోలికలేని మందులు, రెండు పోలికలేని మాంసకృత్తులు, పని మాత్రమొక్కటే. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? ఆ ఎన్‌జైము పని నిలుచుటచేతనే టి-కణములు నిద్రించుచున్నవని అందరును తలచిరి.

ఆ తలపు తప్పని మరుసటి యేడే తేలినది. ష్రైబరు బృందమువారే ఎఫ్.కె. 506లో మాంసకృత్తును పట్టుకొను భాగమును మాత్రము ఉంచి, మిగిలిన భాగమును మార్చి ఒక క్రొత్త అణువును కట్టిరి. అది ఆ మాంసకృత్తును చక్కగా పట్టుకొనినది. ఎన్‌జైము పనిని చక్కగా నిలిపినది. టి-కణము మాత్రము నిద్రింపలేదు! చిక్కిన చేప నిజమే. దానికి మనము కట్టిన కథ మాత్రము నిజము కాదు.

మరి నిజమేది? 1991లో ఈ సారి ఎరను మార్చిరి. మందును గాక, మందును పట్టుకొనియున్న ఆ మాంసకృత్తును, రెంటిని జంటగ, గాలమునకు గ్రుచ్చిరి. అప్పుడు కాల్సిన్యూరిన్ అను వేరొక ఎన్‌జైము వచ్చి పట్టుకొనెను. మందు లేక మాంసకృత్తును మాత్రమే కట్టిన పూసలకు అది అంటలేదు. సైక్లోస్పోరిన్ జంటకును అదే కాల్సిన్యూరిన్ చిక్కినది. టి-కణమును మేలుకొలుపు ఎన్‌జైము అది. మందును, మాంసకృత్తును కలిసి ఒక క్రొత్త ముఖము నేర్పరచుచున్నవి. ఆ ముఖమే కాల్సిన్యూరిన్ నోరు మూయుచున్నది. తాళమనియు తాళపుచెవియనియు ఫిషర్ చెప్పిన ఉపమానమునకు ఇట్టి జంట అందదు.

ఈ యెరుక పుస్తకములకు మాత్రమే పనికివచ్చునది కాదు. కాల్సిన్యూరిన్ టి-కణములలోనే గాక మూత్రపిండములందును, మెదడునందును కలదు. మూత్రపిండము మార్పించుకొన్నవారు ఈ మందును మానకుండ మ్రింగవలెను, మోతాదు మించినచో ఆ మందే మూత్రపిండమును చెరచును, చేతులు వణకును. మేలును కీడును ఒకే తలుపున వచ్చుచున్నవి గనుకనే వైద్యులు మాటిమాటికి రక్తము తీసి అందు మందు ఎంత యున్నదో కొలిచి చూచుచుందురు. ఆ పరీక్షకు విసుగుకొను రోగులు, ఎందుకు తీయుచున్నారో తెలిసిన, కొంత ఓర్చుకొందురని నా నమ్మకము.

ఇంకొక మన్ను కథ దీనికి కొనసాగింపు. ఈస్టర్ దీవిని ఆ దీవివారు రాపానూయి అందురు. 1964లో బయలుదేరిన కెనడా యాత్రికబృంద మొకటి అచటి మట్టిని తెచ్చినది. అందలి సూక్ష్మజీవి పుట్టించు ద్రవ్యమును మాంట్రియల్ నగరమున సురేంద్రనాథ్ సెహగల్ మొదలగువారు వేరుచేసి 1975లో ప్రకటించి, దీవి పేరున రాపమైసిన్ అనిరి. ఈ రాపమైసిన్ పట్టుకొను మాంసకృత్తు ఏది? ఎఫ్.కె. 506 పట్టుకొనునదే! అయినను కాల్సిన్యూరిన్ జోలికి పోదు. మరి యీ జంట ఎవరి నోరు మూయుచున్నది? స్విట్జర్లండున బాసెల్ నగరములో 1991లో హైట్‌మన్, మోవ్వా, హాల్ అను మువ్వురు ఈస్టు కణములలో దాని జాడ కనుగొనిరి. 1994లో ష్రైబరు బృందమువారును, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున సబతిని అను విద్యార్థియు, రాపమైసిన్ జంటను ఎరగా చేసి, మెదడు రసమునుండి ఒక మహాకాయమును పైకి లాగిరి. ఎర మాంసకృత్తు బరువు 12,000 డాల్టనులు. చిక్కినదాని బరువు 2,89,000. దాని పేరు నేడు ఎమ్‌టార్. ఆహారము సమృద్ధిగ నున్నప్పుడు కణమును పెరుగుమని ఆజ్ఞాపించు అధికారి యదియే.

చిత్రమేమన, అధికారి చిక్కెను గాని, అధికారికి వార్త మోయువాడు చిక్కలేదు. లూసీను వచ్చినదని ఎమ్‌టారునకు ఎవరు చెప్పుచున్నారు? రాపమైసిన్‌తో అయిన పని లూసీనుతో కాదు. మట్టిలోని సూక్ష్మజీవులు శత్రువులపై ప్రయోగించు ఇట్టి ద్రవ్యములు పెద్దవి, గట్టిగ పట్టుకొనునవి. నానోమోలారు కంటె తక్కువ గాఢతలోనే రాపమైసిన్ తన మాంసకృత్తును వదలక పట్టును. మన సొంత ద్రవ్యముల స్వభావము వేరు. అవి ఉన్నప్పుడు పట్టి, లేనప్పుడు విడువవలెను. లేనిచో వార్తయే యుండదు. లూసీను తన వినికరిని 20 మైక్రోమోలారుల గాఢతలో మాత్రమే పట్టుకొనును. ఈ పట్టు ఆ పట్టుకంటె ఇరువదివేల రెట్లకు పైగా బలహీనము. పూసలను నాలుగుసార్లు కడిగిన అంతయు కొట్టుకొనిపోవును. అదిగాక లూసీను మిక్కిలి చిన్నది. ఒక చివర ఎమినో భాగము, ఒక చివర ఆమ్లము, ప్రక్కన చిన్న కొమ్మ. ఎచట ముడి వేసినను మాంసకృత్తు పట్టుకొను చోటే ముడిపడును.

బలహీనపు పట్టుకు ఒక ఉపాయము 1962లోనే హార్వర్డులో వెస్ట్‌హైమర్ బృందము చూపినది. ఎరలో వెలుగు తగిలినప్పుడు మాత్రము రగులుకొను చిన్న భాగము నొకదానిని అమర్చుదురు. చీకటిలో ఎర మాంసకృత్తును మెల్లగ చేరును. చేరినవెంటనే అతినీలలోహిత కిరణమును ప్రసరింపజేసిన, ఆ భాగము రగిలి ప్రక్కనున్నదానితో శాశ్వతముగ అతుకుకొనును. ఇక ఎంత కడిగినను ఊడదు. 2013లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో క్రావట్టు బృందమువారు కొలెస్టరాలు అణువున కిట్టి భాగము నొకదానిని, చిన్న కొక్కెము నొకదానిని తగిలించి, సజీవకణములకే తినిపించిరి. వెలుగు చూపిన పిదప కణములను నలిపి, ఆ కొక్కెమునకు బయోటిన్ తగిలించిరి. పచ్చి కోడిగ్రుడ్డు తెల్లసొనను ఎలుకలకు ఎడతెగక మేపిన జబ్బుపడుటకు కారణము, అందలి ఎవిడిన్ బయోటిన్‌ను ఉడుముపట్టు పట్టి విడువకుండుటయే. ఎవిడిన్ వంటి మాంసకృత్తునే పూసలకు కట్టి, బయోటిన్ గలవాని నన్నిటిని లాగిరి. కొలెస్టరాలును పట్టుకొను మాంసకృత్తులు 250కి పైగా లెక్కకు వచ్చినవి. కొక్కెము తగిలించు ఈ రసాయనవిద్యకు 2022లో షార్ప్‌లెస్, మెల్డాల్, బెర్టోజి అను మువ్వురికి నోబెల్ బహుమాన మిచ్చిరి.

ఈ 250లో ఎన్ని నిజమైన చుట్టములు, ఎన్ని త్రోవన పోవుచు అంటుకొన్నవి? ఇచటనే నేను మిక్కిలి పట్టుదలగ చెప్పదలచిన మాట యొకటి కలదు. గాలపు వేట ఫలితమును ఎవరు తెచ్చి చూపినను, చిక్కినవాని పట్టిక ఎంత పొడవో అడుగకుడు. కట్టని ఎరను ముందుగ పుష్కలముగ పోసినప్పుడు వానిలో ఏవి చిక్కకుండ పోయినవో అడుగుడు. నిజముగ ఆ ద్రవ్యమునే కోరునది స్వేచ్ఛగ నున్న ద్రవ్యముతో తృప్తిపడి గాలము జోలికి రాదు. జిగటచేత అంటుకొను జాతి అప్పుడును వచ్చి అంటును. ఈ ప్రతిపరీక్ష చేయని పట్టికలు ఎంత పెద్దవైనను వానికి నేను విలువ నీయను.

లూసీను చిక్కుముడిని సబతిని బృందమువారు విప్పిన విధము చూడుడు. అప్పటికతడు మసాచుసెట్స్‌లో ఆచార్యుడు. వారు గాలమును తిరుగవేసిరి. లూసీనును పూసకు కట్టుట మాని, అనుమానితములగు మాంసకృత్తులనే పూసలకు కట్టిరి. లూసీనులోని కొన్ని జలజని పరమాణువులకు మారుగ రేడియోధర్మము గల జలజనిని ఉంచిరి. ఇందువలన అణువు ఆకృతి వెంట్రుకవాసి యైనను మారదు. ముడి వేయు బాధయే లేదు. పూసలపై పోసి, ఎచట కిరణములు మిగిలినవో చూచిరి. సెస్ట్రిన్ 2 అను మాంసకృత్తుపై మిగిలినవి. రేడియోధర్మము లేని లూసీనును ఎక్కువగా కలిపి పోయగా అవి తొలగినవి. 2016లో ఈ సంగతి అచ్చుపడినది. లూసీనును పట్టుకొను గుంటను చెరచిన సెస్ట్రినును కణములలో పెట్టగా, ఆ కణములు లూసీను ఉన్నను లేనట్లే ప్రవర్తించినవి. వినికరి దొరకెననుటకు ఆ తుది పరీక్షయే నాకు ముఖ్యసాక్ష్యము. అదే సంవత్సరమున ఆర్జినీను అను వేరొక ఎమినో ఆమ్లమునకును వినికరి దొరకెను.

ఎరను ఎచటను కట్టక, ఏ గుర్తును పెట్టక పట్టు ఉపాయమును ఇపుడు వాడుకలో నున్నది. మాంసకృత్తును కొరుకు ఎన్‌జైమును కణరసములో క్షణకాలము విడుతురు. ఒక ద్రవ్యము వచ్చి గుంటలో కూర్చున్నచో అచటి మడత బిగియును. కొరుకు ఎన్‌జైమునకు ఆ చోట పంటికి అందదు. ద్రవ్యము ఉన్నప్పటి ముక్కలను, లేనప్పటి ముక్కలను తూకపు యంత్రములో పోల్చిచూచిన, ఎవరు ఎవరిని పట్టుకొనిరో తెలియును. జ్యూరిచ్ నగరమున పికొట్టి బృందమువారు 2018లో ప్రేగులలో వసించు ఒక బాక్టీరియాపై 20 జీవక్రియాద్రవ్యములను ఇట్లు పరీక్షించి, వేయికి మించిన చెలిమిపట్టులను లెక్కించిరి. అందు పెక్కింటిని అంతకుముందెవ్వరును ఎరుగరు.